ఉసిగొల్పే మాట, మరలించే మాట

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు నుండి నరసరావుపేట మీదుగా వినుకొండకు గాని, చిలకలూరిపేట దాటి ఒంగోలుకు గాని ప్రయాణము చేసిన వారికి బాటకు ఇరువైపుల ఎర్రని మిరప కల్లములు కనబడతాయి. ఏడాది కష్టమంతా ఆకాశము క్రింద ఆరబోసి ఉంటుంది. రాత్రివేళ రైతు కల్లములోనే నులక మంచము వాల్చుకొని పడుకొంటాడు. మంచము క్రింద కుక్క పడుకొంటుంది. ఈ రెండు ప్రాణులకు మధ్య నడిచే భాషను గురించి నాలుగు మాటలు చెప్పవలెనని మా సంకల్పము.

పల్లెలలోని శబ్దములను రికార్డు చేసి తెచ్చుట మా ఉద్యోగములో ఒక భాగము. ఆ పని మీద ఒక రాత్రి మేము అటువంటి కల్లములో ఉన్నాము. నడిజామున చీకటిలో అడుగుల చప్పుడు వినబడినది. రైతు మంచము మీద నుండి లేవకుండానే "ఉస్కో" అన్నాడు. కుక్క విడిచిన బాణమువలె పోయినది. తీరా చూస్తే వచ్చినవాడు దొంగ కాదు. పక్క కల్లమునకు కాపలా ఉండే వృద్ధుడు, అగ్గిపెట్టె కోసము వస్తున్నాడు. రైతు కేకలు వేస్తూ పరుగెత్తినాడు. కుక్క మాత్రము ఆగలేదు. వృద్ధుని పంచె చిరిగి, పిక్క మీద రెండు గాట్లు పడినవి. తెల్లవారగానే ఆయనను టీకా కొరకు ఆస్పత్రికి తీసుకొని వెళ్ళవలసి వచ్చినది. బండి ఎక్కుతూ ఆయన అన్న మాట మాకు నేటికీ జ్ఞాపకమే. "దానికి ఉరకటం నేర్పినావు గాని, ఆగటం నేర్పలా, అబ్బాయా!"

మా యంత్రము ఆ రాత్రి అంతా పని చేస్తూనే ఉన్నది. తరువాత తీరికగా విని లెక్క పెట్టినాము. ఉసిగొల్పుటకు రైతు వాడినది ఒకే మాట. వెనుకకు పిలుచుటకు వాడినవి పదకొండు: ఆగు, ఏయ్, రా, రారా, వద్దు, ఒరే, చాలు, వదులు, మనోళ్ళే, ఇటు రా, ఛీ. పాపము, ఆ కుక్క తప్పేమున్నది? దానికి తెలిసినది ఒక్క మాట. ఆ మాటను అది శిరసావహించినది. తక్కిన పదకొండు దాని చెవికి వట్టి అలజడి.

ఈ లోపము ఆ ఒక్క రైతుది కాదని మన భాషయే సాక్ష్యము చెబుతున్నది. కుక్కను రేపుటకు చేసే "ఉస్, ఉస్" అను శబ్దము నుండి మనకు "ఉసిగొల్పు" అను క్రియ ఏర్పడినది. అది కుక్కలను దాటి మనుష్యుల వరకు వచ్చి, తగవులు పెట్టుట అను అర్థములో నిఘంటువుల కెక్కినది. తరుముటకు "ఛీ" ఉన్నది. కాకికి "హుష్" ఉన్నది. కాని పోయిన కుక్కను మరలించుటకు అంత పొట్టిగా, అంత పదునుగా, ఊరంతటికీ ఒకటిగా ఉండే శబ్దము మనకు నిలువలేదు.

అట్లని మనవారికి పశువుతో మాట్లాడుట తెలియదని కాదు. ఒంగోలు జాతి ఎడ్లతో అరక దున్నే రైతును ఒక పూట గమనించండి. కాడికి కుడివైపున వెలపటెద్దు, ఎడమవైపున దాపటెద్దు. ఏ ఎద్దు పేరు దానిది, ఏ ఎద్దు స్థానము దానిది. "హై, హై" అని వెంట వెంట అదిలిస్తే అడుగు జోరందుకొంటుంది. "హో" అని దీర్ఘము తీసి స్వరము దింపితే జోడు నిలిచిపోతుంది. చాలు చివర మలుపు వద్ద చెర్నకోలకు పనే ఉండదు. ఇంత నిండైన స్వరవిద్య ఎడ్ల విషయములో ఏర్పడుటకు కారణము సుస్పష్టము. ఆగని జోడుతో అరక సాగదు. అక్కడ ఆపే మాట లేకపోతే ముందుగా నష్టపోయేవాడు రైతే. కుక్క విషయములోనో, ఆపే మాట లేకపోతే నష్టపోయేవాడు దారిన పోయేవాడు.

ఈ స్వరవిద్య మన మాగాణములకే పరిమితము కాదు. అమెరికాలో ప్యాట్రీషియా మెక్‌కానెల్ అను శాస్త్రజ్ఞురాలు వేరు వేరు భాషలు మాట్లాడే పశుశిక్షకుల పిలుపులను రికార్డు చేసి పోల్చి చూచినది. భాష ఏదైనను, జంతువును కదిలించుటకు పొట్టి శబ్దములను వెంటవెంటనే పలుకుతారనీ, నిలుపుటకు ఒకే శబ్దమును సాగదీస్తారనీ తేలినది. 1990లో ఆమె ప్రచురించిన ప్రయోగములో కుక్కపిల్లలు పొట్టి స్వరముల వరుసకు పరుగెత్తి వచ్చుట సులభముగా నేర్చుకొన్నవి. మన రైతు "హై హై"లోను, "హో"లోను ఉన్న మర్మము ఇదియే.

ఇక చరిత్ర పుటలు తిరగవేద్దాము. క్రీ. పూ. 326 ప్రాంతమున అలెగ్జాండరు పంజాబు దేశమునకు వచ్చినపుడు సౌభూతి అను రాజు తన వేటకుక్కల పరాక్రమమును ప్రదర్శించినాడని గ్రీకు చరిత్రకారులు వ్రాసినారు. సింహము మీదికి కుక్కలను వదలినారు. అవి పట్టు పట్టిన తరువాత సేవకుడు ఒకడు వచ్చి ఒక కుక్క కాలును కోయసాగినాడు. అయినను అది సింహమును వదలలేదట. చూచినవారు అద్భుతమన్నారు. మాకు మాత్రము ఈ కథ చదివినప్పుడల్లా కల్లములోని కుక్కయే జ్ఞాపకము వస్తుంది. వదలమని చెప్పుట ఎవరూ నేర్పలేదు గనుక వదలుటకు కత్తి కావలసి వచ్చినది. ఆ కత్తి కూడ చాలలేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము ఈ విషయములో ఎంతో ముందుచూపు చూపినది. వేటగాండ్రు, కుక్కలను పెంచేవారు అడవులలో తిరుగుతూ కాపలా కాయవలెననీ, దొంగలు గాని శత్రువులు గాని కనబడితే శంఖమో దుందుభియో మ్రోగించవలెననీ అందులో ఉన్నది. అనగా రాజ్యరక్షణలో కుక్కకు ఆనాడే స్థానమున్నది. అంతకన్న ముఖ్యమైన మాట మరియొకటి. కొమ్ములు గాని కోరలు గాని గల జంతువు మనిషిని బాధిస్తూ ఉండగా యజమాని విడిపించకపోతే అతనికి దండన విధించవలెను. బాధపడేవాడు మొరపెట్టుకొన్నా విడిపించకపోతే ఆ దండన రెట్టింపు. జంతువు కరచుట ఒక ఎత్తు. పిలిచి ఆపవలసినవాడు ఆపకపోవుట మరియొక ఎత్తు అని ఆ ధర్మాసనము గుర్తించినది.

మన పొరుగున కన్నడ దేశములో మండ్య ప్రాంతమున ఆతకూరు అను గ్రామము ఉన్నది. క్రీ. శ. 949 నాటి తక్కోలము యుద్ధములో మెప్పు పొందిన మణలేరుడు అను వీరుడు బహుమానముగా భూమిని గాని ధనమును గాని అడుగలేదు. కాళి అను వేటకుక్కను కోరుకొన్నాడు. ఆ కుక్క ఒక అడవిపందితో పోరాడి, పందిని చంపి తానూ మరణించినది. దాని స్మృతికై శిల నిలిపి, నిత్యము పూజ జరుగుటకు భూమిని కూడ ఇచ్చినారు. ఆ శాసనము నేడు బెంగుళూరు మ్యూజియములో భద్రముగా ఉన్నది. వేయి సంవత్సరముల క్రిందట ఒక కుక్కకు పేరుండుట, ఆ పేరు రాతి మీద నిలుచుట చిన్న సంగతి కాదు. శిక్షణకు మొదటి మెట్టు పేరే కదా! పన్నెండవ శతాబ్దములో, పశ్చిమ చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసములో రాజవినోదములను వర్ణిస్తూ కుక్కలకు కూడ చోటిచ్చినాడు. వేటకుక్కకు మన తెలుగులో "జాగిలము" అని చక్కని పేరు. ప్రబంధకవుల వేట ఘట్టములలో పరుగులు తీసిన ఆ మాటయే నేడు పత్రికలలో "పోలీసు జాగిలాలు" అయినది.

ఇన్ని దూరదేశపు కథలు చెప్పినాము గాని, ఉసిగొల్పుట వలన కలిగే అనర్థమునకు పెద్ద నిదర్శనము మన ఇంటనే ఉన్నది. పన్నెండవ శతాబ్దపు ఉత్తరార్ధమున పలనాటి సీమలో జరిగినది కోడిపందెమే కదా! బ్రహ్మనాయుని పక్షము, నాయకురాలు నాగమ్మ పక్షము పుంజులను ఎదురెదురుగా దింపినవి. ఓడినవారు ఏడేండ్లు దేశము విడిచి పోవలెనని పందెము. పుంజులను రేపుటకు రెండు పక్షములలోను నిపుణులున్నారు. రేగిన మనుష్యులను నిలుపగలవారు మాత్రము కరవైనారు. గడువు తీరిన తరువాత రాయబారమునకు పోయిన అలరాజు తిరిగి రాలేదు. బాలచంద్రుడు మొదలుకొని యువవీరులెందరో కారెమపూడి రణభూమిలో రాలిపోయినారు. నేటికీ ఏటేటా కార్తీకమాసములో అక్కడ వీరుల ఉత్సవము జరుగుతూ ఉంటుంది. ఆ ఆయుధములకు మ్రొక్కే జనములో నిలిచినపుడు, మొదట అదిలించినది ఒక కోడిని మాత్రమే అన్న సంగతి మరువరాదు.

భారతములోని సౌప్తిక పర్వము ఇదే తత్త్వమును మరింత తేటగా చెబుతున్నది. అశ్వత్థామ, అర్జునుడు ఇరువురూ మహాస్త్రములు వదలినారు. ఋషులు అడ్డుపడి ఉపసంహరించమన్నారు. అర్జునుడు ఉపసంహరించినాడు. అశ్వత్థామకు ప్రయోగము తెలిసినది గాని ఉపసంహారము చేతకాలేదు. ఇరువురికీ గురువు ఒక్కడే. విద్యలో సగము మాత్రమే వశమైనవాడు పూర్తిగా నేర్వనివానికన్న అపాయకరుడు. కుక్కను పెంచే ప్రతి గృహస్థుడు ఈ ఘట్టమును ఒకసారి తలచుకొనవలెనని మా మనవి.

ఆధునిక కాలములో ఈ ఉపసంహార విద్య శాస్త్రముగా రూపొందినది. 1899లో బెల్జియము దేశపు గెంట్ నగరములో పోలీసులు కుక్కలకు క్రమబద్ధముగా శిక్షణ ఇచ్చుట ప్రారంభించినారు. 1910లో జర్మనీలో కాన్రాడ్ మోస్ట్ అను పోలీసు అధికారి కుక్కల శిక్షణపై గ్రంథము వ్రాసినాడు. కుక్క చేసిన పనికి ఫలితము ఆ క్షణముననే అందవలెనను సూత్రము ఆయన గ్రహించినదే. అయితే ఆయన పద్ధతిలో బలవంతమునకు పాలు ఎక్కువ. 1917లో ఇంగ్లండులో కర్నల్ రిచర్డ్‌సన్ స్థాపించిన యుద్ధజాగిలముల పాఠశాల వార్తలు మోసే కుక్కలను ఫ్రాన్సు రణరంగమునకు పంపినది. ఫిరంగుల మధ్య నుండి తన యజమాని దగ్గరకు పరుగెత్తి రావలసిన కుక్కను దెబ్బలతో తయారు చేయలేమనీ, ఆప్యాయతయే దానికి దారి అనీ ఆయన వాదించినాడు.

1951లో మద్రాసు నగర పోలీసులు జాగిలముల దళమును ఏర్పరచినారు. అప్పటికి గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రములోనే ఉన్నది. ఒంగోలు ఆ జిల్లాలోని భాగము. 1970లో మధ్యప్రదేశములోని టెకన్‌పూరులో సరిహద్దు భద్రతా దళము వారి జాతీయ శిక్షణ కేంద్రము వెలసినది. నేడు హైదరాబాదు సమీపమున మొయినాబాదులో పోలీసు జాగిలములు శిక్షణ పొందుతున్నవి. వీనికి మన ప్రాంతములో ఒక విచిత్రమైన శత్రువు ఉన్నది. దొంగలు జాడ తెలియకుండా పోయే దారిలో కారము చల్లుతారని పత్రికలలో తరచు చదువుతూ ఉంటాము. పదహారవ శతాబ్దములో పోర్చుగీసువారి ఓడలపై వచ్చిన మిరప ఈ సీమకు సిరి తెచ్చినది; జాగిలమునకు మాత్రము చిక్కు తెచ్చినది. ముక్కు పని చేయని చోట కుక్కకు దిక్కయ్యేది వెంట ఉన్న మనిషి కంఠమే.

ఇంతకూ ఇంటిలో ఈ విద్యను ఎట్లు నేర్పవలెను? మొదటి సూత్రము ఏకవాక్యత. మన తెలుగు మర్యాదల భాష. అదే కుక్కను తాతగారు "రారా" అని, నాయనమ్మ "ఇటు రావే తల్లీ" అని, కోడలు "రా" అని, పిల్లలు "కమాన్" అని పిలుస్తారు. మనకు అవన్నీ ఒకటే. కుక్కకు నాలుగు. ఇంటిల్లిపాదీ కూర్చొని, ఒక్క పనికి ఒక్క మాట అని నిర్ణయించుకొనవలెను. రెండవది, మాటల ఎంపిక. "కూర్చో", "పడుకో", "ఉస్కో" అన్నీ "ఓ"కారముతోనే ముగుస్తాయి. పోలిక గల మాటలు కుక్కను తికమక పెడతాయి. "ఆగు", "వదులు", "రా" అనునవి ఒకదానికొకటి దూరముగా ఉన్నందున మేలైనవి. తమ పిల్లలతో తెలుగు మాట్లాడే వారు సైతము కుక్కతో "సిట్" అనుట చూచి మేము నవ్వుకొన్నాము గాని, అందులో ఒక సుగుణమున్నది. ఆ మాట ఇంటి సంభాషణలో మరెక్కడా రాదు గనుక కుక్క చెవికి తేటగా తోచును.

మూడవ సూత్రము అన్నిటికన్న ముఖ్యము. పిలిచి దండింపరాదు. "రా" అన్నప్పుడు వచ్చిన కుక్కను, అంతకుముందు చేసిన తప్పునకు ఒక్కసారి కొట్టినా, ఆ మాట విరిగిపోతుంది. వచ్చినందుకే కొట్టినారని అది అనుకొంటుంది. ప్రతిసారి "రా"కు ఒక జొన్నరొట్టె ముక్కో, మెడ మీద నిమురుటో లభించవలెను. "వదులు" నేర్పుటకు నోటిలోని వస్తువును గుంజుకొనక, అంతకన్న మంచిది చూపి, వదలిన మరుక్షణమున ఇవ్వవలెను. ఇంటి పెరటిలో నేర్చినదానిని సందడిలో, దూరములో, చీకటిలో మరల మరల అభ్యాసము చేయించవలెను. 2016లో హంగేరీ శాస్త్రజ్ఞులు కుక్కల మెదడును పరీక్షించి, మెచ్చుకొనే మాట, మెచ్చుకొనే స్వరము రెండూ కలిసినప్పుడే అందులోని ఆనందస్థానము మేల్కొంటున్నదని కనుగొన్నారు. మాట ఒకటై, మనసు మరియొకటైతే కుక్క పసిగట్టగలదన్న మాట.

రేడియో శ్రోతలకు సుపరిచితమైన ఒక కుక్కను ఇక్కడ తలచుకొనక తప్పదు. గ్రామఫోను రికార్డుల మీద బొమ్మగా వెలసిన నిప్పర్ ఇంగ్లండులోని బ్రిస్టలు నగరపు కుక్క. యజమాని 1887లో మరణించగా ఆయన తమ్ముడు, చిత్రకారుడైన ఫ్రాన్సిస్ బరాడ్ దానిని పెంచినాడు. 1895లో అది మరణించిన తరువాత, యంత్రము బాకాలో యజమాని గొంతు వింటున్నట్లు దానిని చిత్రించినాడు. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ చిత్రమును కొన్నది. ఆ బొమ్మ మన పల్లెలలో కూడ కుక్క మార్కు ప్లేటుగా పేరు పొందినది. అయితే నిజమైన కుక్క యంత్రములోని గొంతుకు లొంగుతుందా? 2005లో ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఎదుట ఉన్న మనిషి ఆజ్ఞకన్న రికార్డు చేసిన ఆజ్ఞకు కుక్కలు తక్కువగా విధేయత చూపినవని తెలిపినారు. మేము కూడ ఆనాటి ఉదయము కల్లములో ఆ రికార్డును వినిపించినాము. "ఉస్కో" అన్న మాట వచ్చినపుడు కుక్క చెవులు నిక్కించి యంత్రమును చూచినది, తరువాత రైతు ముఖము వంక చూచినది, కదలలేదు. గొంతుతోపాటు మనిషి కూడ కావలెనని దాని తీర్పు. గాలిలో మాటలు పంపే వృత్తిలో ఉన్న మాకు ఆ తీర్పు కొంత గర్వభంగము కలిగించిన మాట నిజమే.

మరుసటి సంవత్సరము అదే ఋతువులో ఆ దారిన పోతూ ఆ కల్లమువద్ద ఆగినాము. వృద్ధుడు పక్క కల్లములోనే ఉన్నాడు. గాయము మానినది, టీకాలన్నీ వేయించుకొన్నాడు. సాయంకాలము ఆయన ఇటు వస్తూ ఉండగా కుక్క అరుస్తూ గట్టు మీదికి దూకినది. రైతు "ఆగు" అన్నాడు, స్వరము కొంచెము సాగదీసి, ఎడ్లను నిలిపేటట్లు. కుక్క నిలిచినది. "రా" అన్నాడు. తోక ఆడిస్తూ వచ్చి మంచము ప్రక్కన కూర్చున్నది. రైతు భార్య ఒక రొట్టె ముక్క అందించినది. ఏడాది పొడవునా ఇంటివారందరూ ఆ రెండు మాటలే వాడినారట. "ఇప్పుడు చదువు పూర్తయిందిరా అబ్బాయా" అన్నాడు వృద్ధుడు, అగ్గిపెట్టె అడుగుతూ.

నన్నయ భట్టారకుని ఆదిపర్వపు ప్రారంభములోనే సరమ అను దేవశునకము రాజసభకు వస్తుంది. నిరపరాధియైన తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టినారని న్యాయము అడుగుతుంది. తుదకు మహాప్రస్థానములో ధర్మరాజు, నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానంటాడు. మన భారతము ఒక కుక్క మొరతో మొదలై, ఒక కుక్కపట్ల నిలుపుకొన్న మాటతో ముగింపునకు వస్తున్నది. మనము దానికి నేర్పే మాటలు ఎన్ని అన్నది ప్రశ్న కాదు. "పో" అని పంపినవానికి "రా" అని పిలిచే బాధ్యత కూడ ఉన్నది. ఆ పిలుపునకు అది నమ్మి తిరిగి వచ్చినప్పుడు, మన చేతిలో కర్ర కాక రొట్టె ముక్క ఉండవలెను.